మీటింగ్ అడ్రస్ చేతిలో పెడితే సరిపోదు: ఒక మోటార్ మెకానిక్ కేస్

నేను ఉత్తర తెలంగాణలో ఒక సైకియాట్రీ క్లినిక్‌లో సైకాలజిస్ట్‌గా చేస్తున్నా. ఈ కేస్ రాయడానికి పేషెంట్, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు, రాసింది ఆయనకి చదివి వినిపించాకే పెడుతున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పేరు ఎందుకులే, మెకానికన్న అని రాస్తాను.

ఎందుకు రాస్తున్నానంటే, కుటుంబాల వాళ్ళు గానీ కొందరు డాక్టర్లు గానీ "ఏఏ మీటింగ్‌కి పంపాం సార్, పోలేదు, వాడు మారడు" అని ఫైల్ మూసేస్తుంటారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చొని ఒకరికొకరు తోడుండే గ్రూప్. ఎట్లా పంపారు అని అడిగితే, చీటీ మీద అడ్రస్ రాసిచ్చాం అంటారు. తాగుడు మానాలా వద్దా అని లోపల కొట్టుకుంటున్న మనిషి, చేతులు వణుకుతూ, ముక్కూ మొహం తెలియని వాళ్ళ గదిలోకి ఒక్కడే నడిచి పోవాలంటే ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. పోకపోవడమే మామూలు. పోయేలా చూడటం ట్రీట్‌మెంట్‌లో భాగం, అది మన పని, ఈ కేస్‌లో నేను చెప్పాలనుకున్నది ఇదే.

వచ్చినప్పుడు పరిస్థితి

వయసు 43. బోరు మోటార్లు రివైండింగ్ చేసే షాప్ ఉంది. భార్య ఇంట్లో బీడీలు చుడుతుంది, కొడుకు డిగ్రీ, కూతురు ఇంటర్. బామ్మర్ది బండి మీద ఎక్కించుకొని తీసుకొచ్చాడు, పోయినేడాది జూన్ మొదట్లో. వచ్చింది తాగుడు గురించి కాదు. ఆయన చెప్పిన మాట ఇది: "చేతులు వణుకుతున్నయ్ సార్, వైర్ సుట్టుడు అయితలేదు, దానికేమన్న గోలీ రాయుండ్రి."

రాగి తీగ సన్నగా ఉంటుంది, స్లాట్‌లో చుట్లు లెక్క తప్పకుండా పడాలి, చెయ్యి వణికితే పని అవ్వదు. అందుకని పొద్దున షాప్ తీసే ముందే బెల్ట్ షాప్‌లో ఒక తొంభై వేసుకుంటే చెయ్యి నిలబడుతుందని కనిపెట్టాడు. అట్లా నాలుగేళ్ళు. పొద్దున తొంభైతో మొదలై రాత్రికి మొత్తం హాఫ్ అయ్యేది. మన దగ్గర అమ్మే బ్రాందీ విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 180 ఎంఎల్ క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్, ఈయన రోజుకి 120 గ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ ఆడిట్ అనే పది ప్రశ్నల టెస్ట్‌లో 40కి 31 వచ్చింది, 20 వస్తేనే డిపెండెన్స్ (ఒళ్ళు మందుకి బానిసవ్వడం) ఉండొచ్చని అనుకుంటాం.

కల్లు గురించి నేను ప్రతి ఒక్కరినీ విడిగా అడుగుతా, ఎందుకంటే మా వైపు "మందు ఎంత తాగుతవ్" అంటే ఎవరూ కల్లు లెక్కలోకి తీసుకోరు. ఈయన కూడా "కల్లు మందెట్లయితది సార్, చల్లదనానికి తాగుతం" అన్నాడు. ఆదివారాలు, ఎండాకాలంలో అయితే దాదాపు రోజూ. ఇక్కడ చాలా కల్లు దుకాణాల్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారని పోలీసు కేసుల్లో ఎన్నోసార్లు బయటపడింది, తాగేవాళ్ళకి కూడా తెలుసు. యూరిన్ టెస్ట్ చేయిస్తే మేం ఒక్క గోలీ కూడా ఇవ్వకముందే బెంజోడయాజిపైన్ (అల్ప్రాజోలం, డైజిపామ్ జాతి మందు) పాజిటివ్ వచ్చింది. అంటే ఈయన రెండు మత్తుల మీద ఉన్నాడన్నమాట, డీటాక్స్ (మందులిస్తూ జాగ్రత్తగా మత్తు ఆపించడం) ప్లాన్ మొత్తం దాన్ని బట్టే మారింది.

మాల సంగతి

నాకు అడిక్షన్ లేదు అనడానికి ఆయన దగ్గర గట్టి సాక్ష్యం ఒకటి ఉంది. మూడు సార్లు అయ్యప్ప మాల వేసుకున్నాడు, మూడు సార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. "మానాలంటే మానుత సార్, నా చేతిలనే ఉన్నది." ఈ మాట మా దగ్గర వారం వారం వింటాం. నేను దాన్ని కొట్టిపారేయను, ఎందుకంటే అది నిజం, ఆ 41 రోజులు ఆయన నిజంగానే మానాడు. కానీ రెండు సంగతులు అడిగాను. ఒకటి, మాల వేసిన మొదటి నాలుగు రోజులు ఎట్లా గడిచాయి? రెండోది, మాల తీసిన రోజు రాత్రి ఏమైంది?

రెండోదానికి జవాబు ఊహించేదే, మూడు సార్లూ ఆ రాత్రే తాగాడు. మొదటిదానికి భార్య జవాబు చెప్పింది. రెండోసారి మాల వేసిన మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని చెయ్యి పెట్టి దులిపాడట, చెమటలు, ఎవరో పిలుస్తున్నారని బయటికి ఉరికాడట, ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకొని గురుస్వామి దగ్గరికి తీసుకుపోయారు. అది గాలి కాదు, డెలీరియం ట్రెమెన్స్. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు నుంచి నాలుగో రోజు మధ్యలో ఇట్లా మతి తప్పడం రావొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లో అయినా పొద్దున లేవగానే తాగే మనిషి మాల వేసుకుంటా అంటే, దయచేసి ముందు డాక్టర్‌కి చూపించండి, భక్తికి అడ్డు చెప్పమనట్లేదు, మందులతో ఆపించి ఆ తర్వాత మాల వేయించండి.

మాలలో ఆయన ఎందుకు ఆగగలిగాడు అనేది నేను బాగా తవ్వాను, ఎందుకంటే తర్వాత పనికొచ్చింది అదే. తెల్లారగట్ల లేవాలి, చన్నీళ్ళ స్నానం, సాయంత్రం భజన, పక్కన పదిమంది స్వాములు, ఏం చేయాలన్నా అడగడానికి గురుస్వామి, ఊరంతా స్వామీ అని పిలుస్తుంది, బెల్ట్ షాప్ వాడు కూడా అమ్మడు. సంకల్పం ఉంది, కానీ దాని చుట్టూ మనుషులున్నారు. 42వ రోజు మనుషులు పోతారు, ఒట్టి సంకల్పం మిగులుతుంది. "ఆ పదిమంది 42వ రోజు కూడా ఉంటే?" అని అడిగితే చాలాసేపు ఏం మాట్లాడలేదు. మీటింగ్ గురించి మొదటిసారి ఎత్తింది అక్కడే.

డీటాక్స్ క్లుప్తంగా

ముందు డెలీరియం వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి ఇంటి దగ్గర ఆపించే ప్రశ్నే లేదు, అడ్మిట్ చేశాం. లివర్ టెస్టుల్లో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు పైన ఉంది, జీజీటీ బాగా ఎక్కువ, అందుకని మా సైకియాట్రిస్ట్ లివర్ మీద భారం తక్కువని తాగుడు ఆపినప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్ ఆపడానికి లోరాజెపామ్ ఎంచుకున్నారు, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్, కల్లులో మత్తు కూడా ఉంది కాబట్టి డోస్ మామూలు కంటే నిదానంగా తగ్గించారు. తర్వాత కోరిక తగ్గడానికి అకాంప్రోసేట్, మూడు పూటలు. కోరిక తగ్గించే ఇంకో మందు నాల్ట్రెక్సోన్‌ని లివర్ రిపోర్ట్ చూసి పక్కన పెట్టారు.

భార్య దగ్గర ఒక పొడి పొట్లం దొరికింది. అన్నంలో తెలియకుండా కలిపితే తాగుడు మానేస్తారని ఎవరో అమ్మారట. ఇట్లాంటి పొడుల్లో ఏముందో రాసి ఉండదు, అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) గానీ ఉంటే, మనిషికి తెలియకుండా పెడితే, ఆ పైన తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావొచ్చు. ఆమెని తప్పు పట్టే మాట ఒక్కటీ అనలేదు, ఆమె చేయగలిగింది చేసింది, కానీ పొట్లం మాత్రం అక్కడే పారేయించాను.

మీటింగ్ వెతకడం

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊర్లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్, బాబ్ స్మిత్ అనే డాక్టర్, ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు ఆపుకోవడంతో మొదలైంది. మన దేశంలో దాని ఆఫీస్ ముంబైలో ఉంది, ఊర్ల వారీగా మీటింగ్ లిస్ట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఫీజు లేదు, రిజిస్టర్ లేదు, చేరడానికి ఒకటే షరతు, తాగుడు మానాలనే కోరిక.

లిస్ట్ ఉంది కదా అని నమ్మి పేషెంట్‌ని పంపొద్దు. చిన్న ఊర్లలో గ్రూప్ అంటే ఆరుగురు, ఎనిమిది మంది, స్కూల్ వాళ్ళు గది ఇక ఇయ్యలేం అంటే ఇంకో చోటికి మారతారు, టైం మారుతుంది, ఫోన్ నంబర్ ఉన్నాయన ఊరు వదిలి పోతాడు. మా ఊరి గ్రూప్‌కీ అదే అయింది, లిస్ట్‌లో ఉన్న చోట గదికి తాళం. హైదరాబాద్ మెంబర్ల ద్వారా కనుక్కుంటే ఒక చర్చి పక్క గదికి మారారని, వారానికి రెండు సాయంత్రాలు ఏడింటికి పెడతారని తెలిసింది. ఆ పాత గదికి తాళం ఆయన ఒక్కసారి చూసుంటే రెండోసారి పోయేవాడు కాదు. ఫోన్ చేసి అడగాల్సినవి: ఈ వారం మీటింగ్ ఖాయంగా ఉందా, తెలుగులోనే నడుస్తుందా, ఓపెన్ మీటింగా క్లోజ్డా (ఓపెన్‌కి ఇంట్లోవాళ్ళు కూడా రావొచ్చు, క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే), కొత్తాయన వస్తే గుమ్మం దగ్గర ఎవరు కలుస్తారు. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం.

1981లో అమెరికాలో సిసన్, మాలమ్స్ అనే ఇద్దరు ఒక చిన్న స్టడీ చేశారు. ఇరవై మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మామూలుగా మీటింగ్ వివరాలిచ్చి పొమ్మన్నారు. రెండో గుంపుకి కౌన్సిలింగ్ గదిలోనే ఒక మెంబర్‌తో ఫోన్‌లో మాట్లాడించి, ఆ మెంబరే తోడు తీసుకుపోయేలా ఏర్పాటు చేశారు. మొదటి గుంపులో ఒక్కరూ పోలేదు, రెండో గుంపులో అందరూ పోయారు. ఇరవై మందే కాబట్టి దాన్ని అంతవరకే తీసుకోవాలి, కానీ నేను రోజూ చూసేది కూడా అదే.

మేం చేసింది ఇదే పద్ధతి. ఆయన వార్డులో ఉండగానే, ఆయన ముందే, స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశాం. రెండు రోజులకి గ్రూప్ నుంచి ఒక పెద్దమనిషి వార్డుకే వచ్చాడు. మంచిమాటలేం చెప్పలేదు. షాప్ ఎక్కడ, ఎన్ని హెచ్‌పీ మోటార్లు చేస్తావ్ అని మొదలుపెట్టి, తర్వాత తన తాగుడు గురించి తాను చెప్పుకొని, "గురువారం ఆరున్నరకి నీ షాప్ కాడికి వస్త, ఇద్దరం కలిసి పోదాం" అని చెప్పి వెళ్ళిపోయాడు. డిశ్చార్జ్ బుధవారం పెట్టించాం, కావాలనే. ఇంటికి పోయిన తర్వాత ఖాళీ సాయంత్రాలు ఎక్కువ ఉండొద్దని.

అడ్డుపడ్డ మాటలు

మొదటిది, "చర్చిల పెడతరట, మతం మారుస్తరా?" ఈ భయం మన దగ్గర చాలామందికి ఉంది, పైకి చెప్పరు, మీటింగ్ మానేస్తారు. అందుకే నేనే ముందు ఎత్తుతాను. గది అక్కడ దొరికింది కాబట్టి అక్కడ, అంతే. ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు, స్టెప్స్‌లో (ఏఏ వాళ్ళు పాటించే పన్నెండు మెట్లు) దేవుడి మాట వస్తుంది, ఆ దేవుడు ఎవరికి తెలిసిన దేవుడు వాళ్ళకి. ఆ గదిలో నమాజ్ చేసేవాళ్ళు ఉన్నారు, శబరిమల పోయేవాళ్ళు ఉన్నారు. దేవుడి మాటే వద్దనుకునేవాళ్ళకి స్మార్ట్ రికవరీ అని వేరే పద్ధతి ఉంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

రెండోది, "ఊరంత తెలుస్తది." దీనికి నేను జవాబు చెప్పేలోపే ఆయన భార్య అందుకుంది: "తాగి మోరీల పడ్డప్పుడు ఊరంత చూసింది, మానతాంటే చూస్తే ఏం పాయె?"

మూడోది, అందరి ముందు లేచి నేను ఆల్కహాలిక్ అని చెప్పుకోవాలా అని. అక్కర్లేదు. పేరు చెప్పి, ఇవాళ వింటాను అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు, ఒకరు మాట్లాడేటప్పుడు మధ్యలో ఇంకొకరు సలహా ఇవ్వడం కూడా అక్కడ ఉండదు.

మొదటి మీటింగ్, తర్వాత

గదిలో విన్నది గదిలోనే ఉండాలి కాబట్టి ఆయన నాకు చెప్పిందీ, నన్ను రాయమన్నదీ మాత్రమే రాస్తున్నా. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడట. టీ ఇచ్చారు. ఏదో చదివారు, అది బుర్రకెక్కలేదు. తర్వాత ఒకాయన తాను క్వార్టర్ సీసాలు ఇంట్లో ఎక్కడెక్కడ దాచేవాడో చెప్పాడు. మెకానికన్న కాలిపోయిన మోటార్ల బాడీల్లో దాచేవాడు, షాప్‌లో వరుసగా పడి ఉండే వాటిలో చెయ్యి పెట్టి ఎవరూ చూడరు కదా. "నేను దాసినట్టే దాసిండు సార్" అని అదొక్కటే నాకు రెండు మూడు సార్లు చెప్పాడు. దాచడం సిగ్గుతో పుడుతుందని వార్డులో నేను గంటసేపు మాట్లాడాను, ఆయన తలూపాడు. తనలాగే దాచిన మనిషి, ఇప్పుడు ఇస్త్రీ చొక్కాలో ఎదురుగా కూర్చొని టీ తాగుతూ చెప్తుంటే వినడం వేరు. ఈ పని డిగ్రీ ఉన్నవాళ్ళం చేయలేం, అందుకే మీటింగ్‌ని నేను మా ట్రీట్‌మెంట్‌కి తోక లాగా చూడను.

రెండో మీటింగ్‌కి పోలేదు. మూడోదీ డౌటే అయింది. కారణం బద్ధకం కాదు, వానలు లేటయ్యి బోర్లు ఆగకుండా నడుస్తూ మోటార్లు కాలుతున్నాయి, రైతు వచ్చి పొలం ఎండుతుంది అని కూర్చుంటే ఆరున్నరకి షట్టర్ ఎట్లా వేస్తాడు. దీన్ని డినయల్ (సమస్యే లేదని బుకాయించడం) అని రాసేసి వదిలేయొచ్చు, కానీ నేను బామ్మర్దిని పిలిపించి మాట్లాడాను, ఆ రెండు సాయంత్రాలు ఆయన వచ్చి షాప్‌లో కూర్చుంటాడు, మోటార్ దింపించుకొని రేపు పొద్దున అని చెప్తాడు. ఏఏలో కొత్తవాళ్ళకి తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని చెప్తారు, వారానికి రెండే ఉన్న ఊర్లో అది కుదరదు, అందుకని మిగతా రోజులు రాత్రి కొడుకు ఫోన్‌లో జూమ్‌లో తెలుగు మీటింగ్, కెమెరా ఆపేసి. గల్ఫ్ నుంచి కూడా మనవాళ్ళు చేరతారు అందులో, డ్యూటీ అయిపోయాక రూమ్‌లో కూర్చొని.

ఒక చిక్కు వచ్చింది. గ్రూప్‌లో ఒకరు "గోలీలు కూడా మత్తే, అవి కూడా ఆపెయ్" అన్నారట, ఈయన అకాంప్రోసేట్ ఆపేశాడు. తీసుకుపోయిన పెద్దమనిషికి నేనే ఫోన్ చేశాను, ఆయనే సర్ది చెప్పాడు, ఎందుకంటే మెంబర్లెవరూ డాక్టర్ అవతారం ఎత్తొద్దని ఏఏ వాళ్ళ సొంత పాంప్లెట్‌లోనే ఉంది. అకాంప్రోసేట్ అలవాటు పడే మందు కాదు. అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రల విషయంలో మాత్రం ఆ మెంబర్ భయంలో అర్థం ఉంది, ఈయనకి అవి మేం కూడా రాయం.

కల్లు

నాలుగో నెలలో దసరా. అత్తగారి ఊర్లో దావత్, అందరూ మందు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, గొప్పగా నిలబడ్డాడు, తర్వాత ఒక ముసలాయన కల్లు ముంత ఇస్తే తాగాడు. "మందు ముట్టలేదు సార్, కల్లే." మూడో రోజుకి బెల్ట్ షాప్. ఆ వారం మీటింగ్‌కి పోను, మొహం చూపించలేను అన్నాడు. ఆయన్ని ఫిట్స్ రిస్క్ కోసం చూసి, మళ్ళీ డీటాక్స్ మందుల చిన్న కోర్స్ పెట్టి, ఆ పెద్దమనిషినే పిలిచాం. గదిలో ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఓదార్చనూ లేదు, ముగ్గురు తమకి కల్లుతో ఎట్లా తిరగబెట్టిందో చెప్పారంతే. తాగి వచ్చినవాడికి ఇంట్లో తిట్లు, ఆస్పత్రిలో లెక్చర్ దొరుకుతాయి, ఇది దొరకదు. కల్లు లెక్కలోకే వస్తుంది అనే మాట నా నోటితో ఎన్నిసార్లు విన్నాడో, ఒప్పుకున్నది మాత్రం ఆ రోజే.

నవంబర్‌లో మళ్ళీ మాల వేసుకున్నాడు, ఈసారి తాగకుండా ఉన్న మనిషిగా వేసుకున్నాడు కాబట్టి వణుకుల్లేవు. నల్ల బట్టల్లోనే మీటింగులకి పోయాడు. మాల తీసే రోజు ముందే క్యాలెండర్ మీద పెట్టుకున్నాం, ఆ సాయంత్రం రెగ్యులర్ మీటింగ్ లేకపోతే గ్రూప్ వాళ్ళే నలుగురు షాప్‌కి వచ్చారు. ఆ రాత్రి తాగలేదు. ఆయన జీవితంలో మాల తీసి తాగని మొదటి రాత్రి అది.

భార్య వైపు

కుటుంబాలకి అల్-అనాన్ అని విడిగా ఉంది, 1951 నుంచి. మా ఊర్లో లేదు, ఫోన్‌లోనే. ఆమె మధ్యాహ్నం ఇయర్‌ఫోన్ పెట్టుకొని బీడీలు చుడుతూ వింటుంది, చేతులు పనిలో, చెవులు అక్కడ. నేను తాగించలేదు, నేను ఆపలేను, నేను నయం చేయలేను అనే మూడు మాటలు అక్కడ నేర్పుతారు. అంతకుముందు ఆమె రోజు ఇట్లా ఉండేది: నోరు వాసన చూడటం, జేబులు వెతకడం, షాప్ తీయకపోతే కస్టమర్లకి జ్వరం అని అబద్ధం చెప్పడం. ఇవి ఒక్కొక్కటే ఆపింది. ఆమె నిద్ర ఆయన తాగుడు ఆగకముందే బాగుపడటం మొదలైంది, అంటే దసరా తర్వాత ఆయన మళ్ళీ తాగిన వారంలో కూడా ఆమె పడుకుంది. ఇది ఈ కేస్‌లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన ఫలితం.

ఎంతవరకు నమ్మొచ్చు

2020లో వచ్చిన కాక్రేన్ రివ్యూలో (ఒక విషయం మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి తూచి చూసేది) 27 స్టడీలు, పది వేల మంది పైన చూశారు. పద్ధతి ప్రకారం ఏఏకి అలవాటు చేసే ట్రీట్‌మెంట్ వల్ల ఏడాదికి పూర్తిగా మానినవాళ్ళు 42 శాతం, మిగతా థెరపీల్లో 35 శాతం. అంటే గొప్ప తేడా కాదు, కానీ పైసా ఖర్చు లేకుండా ఏళ్ళ తరబడి దొరుకుతుంది. మన దేశంలో 2019 సర్వే ప్రకారం తాగుడుకి బానిసైన ముప్పై ఎనిమిది మందిలో ఒకరికే ఏదో ఒక సాయం అందుతోంది. మీటింగ్ అందరికీ సరిపోదు కూడా. మా ఊరి గదిలో అందరూ మగవాళ్ళే, తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్ళని నేను అక్కడికి ఒంటరిగా పంపను, ఆడవాళ్ళ ఆన్‌లైన్ మీటింగ్‌కి కలుపుతాను. డీటాక్స్ అవసరమైన మనిషిని నేరుగా మీటింగ్‌కి పంపడం ప్రమాదం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14446 కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలి-మానస్, రెండూ ఫ్రీ.

ఇప్పుడు

చివరిసారి తాగి పదకొండు నెలలైంది. జీజీటీ నార్మల్‌కి వచ్చింది. బాగా అలిసిన రోజు చేతుల్లో సన్న వణుకు ఇంకా ఉంది, చిన్న మోటార్లు పొద్దున పూటే చుడతాడు. నిద్ర సరిగా లేదు, అది ఇంకా తేలలేదు. అకాంప్రోసేట్ ఆపే మాట మా సైకియాట్రిస్ట్ దసరా దాటాకే చూద్దాం అన్నారు. ఈ పండక్కి అత్తగారి ఊరు పోకుండా ఉండలేడు, పొమ్మనే చెప్పాం. పోయేది భోజనాల టైంకి, చీకటి పడేలోపు బయల్దేరడం, ఆ రాత్రి ఆన్‌లైన్ మీటింగ్, అది కొడుకు ఫోన్‌లో సేవ్ చేసి ఉంది. కల్లు ముంత ఇచ్చే ఆ ముసలాయనకి ముందే ఫోన్ చేసి చెప్తానని మెకానికన్నే అన్నాడు. రివ్యూ పండగ తర్వాతి సోమవారం, దంపతులిద్దరికీ.